స్లైడు మీద కొడవళ్ళు

చలికాలం వచ్చిందంటే కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లు నాకు ఫోన్లు చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మేడం, ఈసారి పిల్లల్ని టూరుకు ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?" రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి నా దగ్గర సమాధానాలు తీరిగ్గా తయారుగా ఉంటాయని వాళ్ళ నమ్మకం. ఎక్కడికైనా తీసుకెళ్ళండి, కానీ తిరిగొచ్చిన రోజే వాళ్ళని కూర్చోబెట్టి ఏం చూశారో అడగండి అంటాను. మీరు చూపించింది కాదు, వాళ్ళు చూసింది అడగండి అంటాను. "సరే మేడం" అంటారు. ముసలావిడకి చాదస్తం మొదలైందని ఆ 'సరే'లో నాకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది.

నా సర్వీసు చివరి ఏళ్ళు అరకు పైన ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో గడిచాయి. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేదాన్ని. మా స్కూల్లో ఒక మైక్రోస్కోపు ఉండేది. బీరువాలో, తాళం వేసి, బహు భద్రంగా ఉండేది. దాని లెన్సు ఎప్పుడో పగిలిపోయింది. బాగుచేయించమంటే కొత్తది వస్తుందన్నారు, కొత్తది ఏదంటే పాతది ఉంది కదా అన్నారు. రక్తం పాఠం వచ్చినప్పుడల్లా నేను బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రాలు గీసి ఇవే ఎర్ర రక్తకణాలు అనేదాన్ని. పిల్లలు నోట్సుల్లో గుండ్రాలు గీసుకునేవాళ్ళు. ఆ గుండ్రాలకీ తమ ఒంట్లో పారే రక్తానికీ ఏదో సంబంధం ఉందని వాళ్ళకి అనిపించేలా చెప్పడం నా వల్ల కాలేదు.

ఏటా టూరంటే గుహలు, పూలతోట, మ్యూజియం. అరకు కొండల్లో పుట్టి పెరిగిన పిల్లల్ని బస్సెక్కించి అరకు చూపించి తీసుకొచ్చేవాళ్ళం. మ్యూజియంలో తిరగలి మీద చోళ్ళు, అంటే రాగులు, విసురుతున్న సిమెంటు బొమ్మను చూసి "మా అమ్మమ్మకి ఇంత మంచి కోక లేదు" అని నవ్వుకునేవాళ్ళు. ఆ ఏడాది నేను పట్టుబట్టాను. పదో తరగతి వాళ్ళని ఆసుపత్రి ల్యాబుకు తీసుకెళ్దాం, అసలు రక్తం అసలు మైక్రోస్కోపులో చూస్తారు అన్నాను. మా హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఆసుపత్రికి టూరేమిటండీ, రోగమొచ్చినట్టు?" అన్నారు.

చివరికి పొద్దున్న ఆసుపత్రి, మధ్యాహ్నం పూలతోట అని రాజీకొచ్చాం. ఆవిడ మంచావిడే. పిల్లల పప్పులో నీళ్ళెక్కువైతే వంటమనిషి మీద విరుచుకుపడే మనిషి. పేపర్లో స్కూలు పేరు రావడమంటేనే ఆవిడకి ప్రాణం మీదకొచ్చేది.

ఇక ఆ పిల్ల గురించి. రెండో బెంచీలో కూర్చునేది. బక్కగా, కళ్ళు కాస్త పచ్చగా ఉండేది. చలి ముదిరితే చాలు, మోకాళ్ళు, మోచేతులు పట్టేసి దుప్పటి ముసుగేసుకుని సిక్ రూములో ముడుచుకుపోయేది. నర్సమ్మ వచ్చి వేలికి సూది గుచ్చి మలేరియా కార్డు మీద చుక్క వేసేది. కార్డు మీద ఒక్క గీతే వచ్చేది. మలేరియా లేదు, రక్తం తక్కువుంది, ఆకుకూరలు తినమని చెప్పి ఐరన్ బిళ్ళలిచ్చి వెళ్ళేది. మలేరియా కార్డుకి మలేరియా ఒక్కటే తెలుసు. ఆ పిల్లకి ఒక అన్నా, ఒక చెల్లీ ఉండేవారట. ఇద్దరూ అలాగే నొప్పులు నొప్పులంటూ ఒకరి తర్వాత ఒకరు పోయారని విన్నాను. మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తున్నాను, ఈ పిల్ల బతికే ఉంది. ఇప్పటికీ చలికాలంలో నాకు ఫోన్ చేస్తుంది.

ల్యాబులో పనిచేసే టెక్నీషియన్ సాలూరు వైపు కుర్రాడు. ఆ చీకటి గదిలోకి మూత్రం సీసాలు తప్ప మనుషులు పెద్దగా రారు. మేం వస్తున్నామని ముందురోజే బల్లలు కడిగి, కోటు ఉతుక్కుని సిద్ధంగా ఉన్నాడు. "ఎవరైనా ఒకరు వేలివ్వండమ్మా" అనగానే పిల్లలంతా చేతులు స్వెట్టర్లలోకి లాక్కున్నారు. ఆ పిల్ల ముందుకొచ్చింది.

"నాకలవాటే సార్. గుచ్చండి" అంది.

ఒక చుక్క తీసి గాజుపలక మీద పరిచి, రంగేసి, కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టాడు. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా తల పైకెత్తాడు. ముఖం వెలిగిపోయింది.

"మేడం! సికిల్ సెల్! పుస్తకంలో బొమ్మ కాదు, నిజమైనవి! రండమ్మా రండి, వరసగా రండి!"

నేను కూడా వంగి చూశాను. గుండ్రటి కణాల మధ్యలో అక్కడక్కడా సన్నగా, వంకరగా, రెండు కొసలూ పదునుగా ఉన్నవి కనిపించాయి. నా సర్వీసులో నేనెప్పుడూ చూడనివి. అబ్బ అన్నాను. అన్నానని ఒప్పుకోవాలి. పిల్లలు వరసగా వచ్చి ఒక కన్ను మూసి చూశారు. "చోడి కోసే కొడవళ్ళ లాగున్నాయి మేడం" అందొక పిల్ల. సరిగ్గా చెప్పావని మెచ్చుకున్నాను. తెలుగులో దాని పేరే కొడవలి కణ వ్యాధి అని కూడా చెప్పాను.

అందరికంటే చివర ఆ పిల్ల చూసింది. చూసి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇవి నా ఒంట్లోవేనా సార్?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఆ చుక్క ఎవరి వేలి నుంచి తీశాడో. ముఖం వాడిపోయింది.

"అవునమ్మా."

"ఎలగొచ్చినాయి?"

అతను నా వైపు చూశాడు. "మేడం తర్వాత చెబుతారమ్మా" అన్నాడు. నేను తల ఊపాను. పెద్దాసుపత్రికి పంపి నిర్ధారణ చేసుకోకుండా పిల్లకి ఏం చెబుతాం? పైగా వంశపారంపర్యం పాఠం ఇంకా రాలేదు. ఆ పాఠంలో అన్నీ కలిపి చెప్పొచ్చు అనుకున్నాను. మాస్టార్లకి ఇదొక జబ్బు. అడిగిన ప్రశ్నని సిలబస్ దగ్గరకొచ్చేదాకా ఆపుతాం.

మధ్యాహ్నం పూలతోటలో పిల్లలు బొమ్మ రైలెక్కలేదు. గడ్డిలో గుంపుగా కూర్చుని గుసగుసలాడుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల పక్క సీటు ఖాళీగా ఉంది. అలిసిపోయారనుకున్నాను.

మర్నాడు పొద్దున్న టిఫిన్ వరస దగ్గర నిలబడి ఉంటే నా ముందున్న పిల్లల మాటలు చెవిన పడ్డాయి.

"మిషన్లో మనం సూసినాం గదే. కొడవల్లు. ఒకటా రెండా!"

"సిల్లంగి ఎవురెట్టినారో తెల్దేటి? ఆల పెద్దత్తే."

ఏజెన్సీలో పనిచేసిన వాళ్ళకి ఈ పాటికే అర్థమై ఉంటుంది. కింద మైదానాల నుంచి వచ్చేవాళ్ళ కోసం చెబుతున్నాను. చిల్లంగి అంటే చేతబడి లాంటిది. కిట్టనివాళ్ళు మన ఒంట్లోకి ముల్లో, మేకో, వెంట్రుకల చుట్టో పంపిస్తారనీ, అది లోపల గుచ్చి గుచ్చి మనిషిని చంపుతుందనీ నమ్మకం. వైద్యం చేసే గురువు నొప్పి ఉన్నచోట నోరు పెట్టి పీల్చి, ఆ ముల్లు బయటికి తీసి అందరికీ చూపిస్తాడు. మేం చేసిందేమిటో ఇప్పుడు ఆలోచించండి. తెల్లకోటు మనిషి, పెద్ద మిషను, నొప్పులతో బాధపడే పిల్ల ఒంట్లోంచి తీసిన చుక్క, అందులో కొడవళ్ళు. గురువు ఒక్క ముల్లు చూపిస్తే మేం తరగతి మొత్తాన్ని వరసలో నిలబెట్టి డజన్ల కొద్దీ కొడవళ్ళు చూపించాం.

ఆ పెద్దత్త సంగతి మా వంటమనిషి చెప్పింది. ఆ పిల్ల తండ్రికి సొంత అప్ప, అంటే అక్క. భర్త పోయాక తమ్ముడి ఊళ్ళోనే చిన్న ఇల్లు వేసుకుని ఉండేది. తమ్ముడూ మరదలూ కొండ మీద పోడు సేద్యానికి వెళ్తే పిల్లల్ని చూసుకునేది ఈవిడే. సాయంత్రాలు పిల్లల మోకాళ్ళకి వలిసెల నూనె రాసి పామేది. రెండో పిల్ల కూడా పోయాక, బియ్యం గింజలు చూసి చెప్పే గురువు ఎవరి చెయ్యి పిల్లల మీద ఎక్కువ పడిందో చూసుకోమన్నాడట. ఇంకేం కావాలి? ఊరంతా కలిసి ఆమె ఇంటి కప్పు పీకేసి వెళ్ళగొట్టారు. కొండ అవతల ఎవరిదో కాఫీ తోటలో కాపలా గుడిసెలో ఉంటోంది.

"బతకనిచ్చినారు, అదే గొప్ప" అంది వంటమనిషి.

ఆ రోజు మిగతా పీరియడ్లన్నీ నేనే తీసుకున్నాను. బోర్డు మీద తండ్రిని గీశాను, తల్లిని గీశాను. ఇద్దరిలోనూ సగం సగం ఉంటే వాళ్ళకి నొప్పి రాదని, రెండు సగాలూ ఒక్క బిడ్డలో కలిస్తే జబ్బు వస్తుందని, ఇందులో బయటి మనిషి చెయ్యి లేదని చెప్పాను. పిల్లలు తలూపారు. వాళ్ళు కిరణజన్య సంయోగక్రియకీ అలాగే తలూపేవారు. ఆ పిల్ల మాత్రం లేచి నిలబడింది.

"అయితే మా అన్నకీ సెల్లికీ కూడా ఇదేనా మేడం?"

"అయ్యుండొచ్చమ్మా. ఇదే అయ్యుండాలి."

"అత్త కాదా?"

"కాదు."

ఆ పిల్ల కూర్చుంది. బెంచీ మీద తల పెట్టుకుంది. నేను కదపలేదు.

కానీ ఆ రోజే సంత. సంతకొచ్చిన తల్లులు గేటు దగ్గర పిల్లల్ని పలకరించి, జామకాయలో జంతికలో ఇచ్చి వెళ్తారు. కబురు సాయంత్రానికల్లా కొండెక్కేసింది.

తర్వాతి రోజు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. వెంట ఇద్దరు మగవాళ్ళు. ముగ్గురి భుజాల మీదా గొడ్డళ్ళు. గొడ్డలి లేకుండా ఇక్కడ ఎవరూ నడవరు కాబట్టి అదేం వింత కాదు. ఆ రోజు వాటి అంచులు కొత్తగా నూరి ఉన్నాయి.

"టీచరమ్మా, గుంటని పంపీ. ఇంటికి తీసుకుపోతాను" అన్నాడు.

"పెద్దాసుపత్రికి పంపించాలి. అక్కడ మందులిస్తారు" అన్నాను.

"ఆసుపత్రెందికి? ఒంట్లో కొడవల్లున్నాయని మీ మిషనే సెప్పినాది గదా. తీసీవోడి దగ్గరికి అట్టుకెల్తాను. ఎట్టినదాన్ని ఏటి సెయ్యాలో మేం సూసుకుంటాం."

వెనకనున్న మనిషి చాలా మామూలుగా, పొలం పని గురించి చెప్పినట్టు చెప్పాడు. "అప్పుడు దాన్ని ఊరు దాటించి ఒగ్గీసినాం, టీచరమ్మా. అదే తప్పయిపోనాది."

భయపడలేదని రాస్తే అబద్ధం అవుతుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను లోపలికి లాగారు. "మనకెందుకండీ, వాళ్ళ పిల్ల, వాళ్ళు తీసుకెళ్తారు. పోలీసులకి చెబితే రేపు స్కూలు పేరు పేపర్లో వస్తుంది" అన్నారు. అలా అన్నావిడే నాకు చెప్పకుండా తన గదిలోకెళ్ళి స్టేషనుకి ఫోన్ చేశారని తర్వాత తెలిసింది. జీపు బందోబస్తుకి వెళ్ళింది, వచ్చాక చూస్తామన్నారట. మనుషుల్ని తొందరపడి తిట్టకూడదని అప్పటినుంచి అనుకుంటూనే ఉన్నాను, అలవాటు మాత్రం కాలేదు.

నేను తిరిగి బయటికొచ్చేసరికి ఆ పిల్ల వరండాలో తండ్రి ఎదురుగా నిలబడి ఉంది.

"నాన్నా, అవి అత్త ఎట్టినవి గావు. నీ దగ్గిర్నుంచి సగం, అమ్మ దగ్గిర్నుంచి సగం వచ్చినాయి. అన్నకీ అలగే. సెల్లికీ అలగే."

తండ్రి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఉన్న ఒక్క పిల్ల.

"ఇది నీకెవురు నేర్పినారు? టీచరమ్మేనా?"

అప్పుడు నాకెక్కడినుంచి వచ్చిందో కోపం వచ్చింది. "నా మాట నువ్వు నమ్మొద్దు. మిషను మాట నమ్మావు కదా? మరి పద. నీ రక్తం కూడా అదే మిషన్లో పెట్టి చూద్దాం. నీ ఒంట్లో కొడవళ్ళు లేకపోతే నీ పిల్లని నువ్వు తీసుకుపో" అన్నాను.

సగం తెలిసినవాళ్ళు పందెం కాసినట్టే కాశాను. ఆ పిల్లకి ఉందంటే తండ్రిలో సగమైనా ఉండి తీరాలని పాఠంలో ఉంది. పాఠం నిజమవ్వాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. జీవశాస్త్రం టీచర్‌ని.

సర్వీసు జీపులో ఇరుక్కుని కూర్చున్నాం. మగవాళ్ళు గొడ్డళ్ళు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. గతుకుల్లో పిల్ల మొహం ముడుచుకున్నప్పుడల్లా తండ్రి చెయ్యి తనకి తెలియకుండానే ఆమె మోకాలి మీదకి వెళ్ళేది.

గొడ్డళ్ళు చూసి టెక్నీషియన్ చెమటలు కక్కాడు. నేను సంగతి చెప్పాను. తండ్రి వేలికి సూది గుచ్చి, చుక్క తీసి, అందులో ఇంకేదో మందు కలిపి, మీద గాజుముక్క మూసి, కాసేపు ఆగాలన్నాడు. సగం ఉన్నవాళ్ళ కణాలు ఊరికే వంకరపోవు, మందు తగిలి గాలాడకపోతేనే బయటపడతాయట. బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎవరో టీ తెచ్చారు. ఎవరూ తాగలేదు.

పిలిచాక తండ్రి వెళ్ళి మిషన్లోకి వంగాడు. ఏ కన్ను మూయాలో అతనికి తెలియలేదు. నా అరచేత్తో అతని ఎడమ కన్ను మూశాను. చాలాసేపు చూశాడు.

"ఇయ్యి ఎవురివి? గుంటవా?"

"కాదు. ఇప్పుడు నీ వేల్నించి తీసినవే. నీ ఎదురుగానే తీశాను కదా" అన్నాడు టెక్నీషియన్.

వెంటొచ్చిన వాళ్ళలో ఒకడు భుజం మీంచి తొంగి చూసి, "అప్పే నీకూ ఎట్టినాదేమోరా. సిన్నప్పుడు నిన్నెత్తుకు పెంచినాది గదా" అన్నాడు.

ఇంత దూరం వచ్చి మళ్ళీ మొదటికే వచ్చాం. అప్పటిదాకా బెదురుతున్న టెక్నీషియన్ ఒక్కసారిగా కొత్త సూది విప్పి ఆ మనిషి వైపు తిరిగాడు.

"సరే, నువ్వూ వేలివ్వు. నీకు ఆవిడ ఏమీ కాదు కదా. నీలో ఉన్నాయో లేవో చూద్దాం."

"నాకెందికి? నాకేటీ లేదు."

"లేకపోతే మరీ మంచిది. ఇవ్వు."

ఆ మనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రెండోవాడూ అంతే. గొడ్డలి పట్టుకోవడానికి లేని భయం సూదికి వచ్చింది. టీ తాగొస్తామని బయటికెళ్ళి, అటునుంచి అటే జీపెక్కి పోయారు.

తండ్రి మిషను దగ్గరనుంచి లేచి గోడవారన కింద కూర్చున్నాడు. కూతురు పక్కన కూర్చుంది.

"అయితే నా పిల్లలికి నానే ఎట్టినానా, టీచరమ్మా?"

ఇన్నేళ్ళు వంశపారంపర్యం చెప్పిన మనిషిని. ఎవరూ పెట్టరయ్యా, అదంతట అదే వస్తుంది, నీ తప్పేం లేదు, నీకు మీ అమ్మానాన్నల నుంచి వచ్చింది అంటూ ఏదేదో చెప్పాను. అతను వినలేదు.

"అప్ప ఇంటి కప్పు ముందు నాను పీకినాను. మిగతావోల్లు తరవాతే సెయ్యేసినారు" అన్నాడు. మళ్ళీ తలెత్తాడు. "ఈ మిషను అప్పుడేటయిపోనాది? పెద్దోడు నొప్పులని ఏడుత్తుంటే ఎన్నిసార్లు సూది గుచ్చినారు. ఎంత రగతం తీసినారు. ఒక్కసారి ఇందులో ఎట్టి సూడలేదేటి?"

టెక్నీషియన్ నేల చూపులు చూశాడు. మలేరియా కార్డులొచ్చాక జ్వరం కేసులకి ఎవరూ స్లైడు తియ్యడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు.

మీ అప్ప దగ్గరికి వెళ్దాం రమ్మన్నాను. "ఏ మొకమెట్టుకుని వత్తాను? నువ్వెల్లి సెప్పు. ఇంటికొచ్చీమను. ఇల్లు మల్లీ నానే కడతాను" అన్నాడు. కూతుర్ని నాకప్పగించి వెళ్ళిపోయాడు. అతని గొడ్డలి ల్యాబు తలుపు వెనక ఉండిపోయింది. దానికోసం అతను ఎప్పుడూ రాలేదు. నేను ఎప్పుడు వెళ్ళినా అక్కడే కనిపించేది.

ఆదివారం పొద్దున్న నేనూ ఆ పిల్లా కొండ ఎక్కాం. దాన్ని నడిపించకూడదు. నేనొక్కదాన్నే వెళ్ళొస్తానంటే వినలేదు. "నాను సూసినాను గదా మేడం. నానే సెప్పాల" అంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ పళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. పిల్ల ప్రతి మలుపులోనూ ఆగి చెట్టుకి ఆనుకునేది.

గుడిసె ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఆమె చేటలో సామలు బాగుచేస్తోంది. నేననుకున్నంత ముసలిది కాదు. మమ్మల్ని చూసి లేచింది. మేనకోడల్ని గుర్తుపట్టగానే ముఖం విప్పారింది, మరుక్షణం రెండడుగులు వెనక్కి వేసింది. ముందుకొచ్చి పట్టుకుంటుందని ఎదురుచూసిన పిల్ల అక్కడే ఆగిపోయింది.

నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. రక్తం, కొడవళ్ళు, తండ్రి సగం, తల్లి సగం, మిషన్లో ఆమె తమ్ముడు చూసింది, అతను గోడవారన కూర్చున్నది. ఆమె సామల్లో రాళ్ళు ఏరుతూ విన్నది. నేను ఆపాక అడిగింది.

"అయితే నాను సెయ్యలేదని మిషను సెప్పినాదేటి?"

"అవునమ్మా."

"నాకప్పుడే తెలుసు గదా, టీచరమ్మా."

కోపంగా అనలేదు. ఎద్దేవా కూడా కాదు. నాకు తెలుసు అంది, అంతే. ఇంత దూరం ఆయాసపడుతూ మోసుకొచ్చి ఆమె చేతుల్లో పెట్టబోయింది ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంది. అది కావాల్సినవాళ్ళు ఎవరూ ఇంటి కప్పు పీకిన రోజు ఆమెని అడగలేదు. నాకు సిగ్గేసింది.

"నాన్న ఇల్లు కడతానన్నాడత్తా. ఇంటికొచ్చీ" అంది పిల్ల.

ఆమె దానికి జవాబు చెప్పకుండా నన్నడిగింది. "దీనికి తగ్గిపోద్దా?"

"మందులున్నాయి. నొప్పులు తగ్గుతాయి. పూర్తిగా పోదు."

"మల్లీ వత్తాయా?"

"వస్తాయమ్మా. చలికి వస్తాయి."

ఆమె చేట పక్కన పెట్టింది. "మరి నాను ఊర్లో ఉన్నప్పుడు దీనికి నొప్పులొచ్చి, దీనికేటయినా అయితే? ఆ దినం నీ మిషను కొండెక్కొచ్చి సెప్పుద్దా, నాను గాదని?"

పొయ్యిలో కట్టె ఎగదోసి మళ్ళీ ఆమే అంది.

"నాను రాను. ఆడికి సెప్పు, కోపం లేదని. నానిక్కడుంటేనే దీనికీ మంచిది, ఆడికీ మంచిది. ఆల సేతిలో నాను సత్తే ఆడు జైలుకి పోతాడు. దీన్నెవురు సూత్తారు?"

పిల్ల ఏడవలేదు. నడక, చలి కలిసి అప్పటికే దాని మోకాళ్ళు పట్టేశాయి. పొయ్యి పక్కన కూలబడి కాళ్ళు చాపుకుని పెదవి కొరుక్కుంటోంది. అది నాకంటే ముందు ఆమె కనిపెట్టింది. లేచి గుడిసెలోకెళ్ళి చిన్న సీసాలో వలిసెల నూనె తెచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరికోసం పెట్టుకుందో అడగలేదు. సీసాని నిప్పుల దగ్గర పెట్టి వెచ్చచేసింది. వేళ్ళతో తాకి చూసుకుంది. తర్వాత దాన్ని నా ముందు నేల మీద పెట్టి, మళ్ళీ పొయ్యికి అవతలి వైపుకి వెళ్ళి కూర్చుంది.

"నువ్వు రాయి, టీచరమ్మా. నా సెయ్యి ఒద్దు."

"ఏటీ కాదత్తా. నువ్వే రాయి" అంది పిల్ల.

"ఒద్దే."

నేను నూనె అరచేతిలో పోసుకున్నాను. ఎలా రాయాలో నాకు తెలియదు. మోకాలి మీద చెయ్యి వేశాను. పొయ్యి అవతలనుంచి ఆమె చెబుతోంది.

"అక్కడ గాదు. మోకాలి ఎనకాల. ఏల్లతో గాదు, అరసేత్తో. మెల్లిగ. దానికక్కడే ఎక్కువ."

చెబుతూ తన మోకాలి మీదే తన చేతులు ఆడిస్తూ చూపించింది. నేను ఆ చేతులు చూసుకుంటూ రాశాను.